మెత్త కడ్డీ

రాకెట్‌ను అమ్మణ్ణి గారు తన చేత్తో తీసి ఇవ్వలేదు. గోడవార ఉన్న అలమర వైపు గడ్డంతో చూపించి, "అందులో ఒకటుందండి, తీసుకోండి. మీరు కొనుక్కునేదాకా దాంతో కానిచ్చేద్దాం," అన్నారు.

రాజరాజేశ్వరి అలమర తెరిచింది. పై అరలో తువ్వాళ్ళు, షటిల్ డబ్బాలు. కింది అరలో, దేనికీ తగలకుండా, నీలం గ్రిప్పు చుట్టిన రాకెట్ ఒక్కటే పడుకుని ఉంది. పట్టుకోగానే ఆమె బొటనవేలు తనంతట తానే ఒక గుంటలోకి జారి కూర్చుంది. ఎవరో చాలాకాలం అక్కడే వేలు ఆనించి ఆడిన గుంట. ఇన్నేళ్ళు కాపురం చేసిన అట్లకాడ కూడా ఇంత మర్యాదగా చేతిలో ఇమిడిన గుర్తు రాజికి లేదు.

"ఎడమవైపు నిలబడండి," అన్నారు అమ్మణ్ణి గారు. "ఆవిడ అక్కడే నిలబడేది."

ఏ ఆవిడ అని అడగబోయి రాజి ఆగిపోయింది. ఆ మాట వినగానే మిగతా ఇద్దరూ వంగి, ముడి పడే ఉన్న బూట్ల లేసులు మళ్ళీ ముడి వేసుకుంటున్నారు.

శిలా హైట్స్ క్లబ్‌హౌస్‌లో ఆ కోర్టు ఉంది. మగవాళ్ళు ఆఫీసులకు, ఆఫీసు లేని మగవాళ్ళు లాప్‌టాప్‌ల ముందుకు చేరాక అది ఆడవాళ్ళ వంతు. ఒకవైపు గోడంతా మసక గాజు. దాని అవతల నడక బాట, బాట అవతల ఖాజాగూడ బండరాళ్ళు, వాటి నెత్తిన గాజు భవనాలు. ఆడేవాళ్ళు నలుగురే. అమ్మణ్ణి గారు అసోసియేషన్ కార్యదర్శి భార్య. భీమవరం మనిషి. ఎంత కఠినమైన మాటకైనా చివర 'అండి' తగిలించి మెత్తబరచగలరు. రసజ్ఞ ఇంట్లోంచే ఉద్యోగం చేస్తుంది, ఒక చెవిలో ఎప్పుడూ మీటింగు నడుస్తూ ఉంటుంది. మణెమ్మది ఈ ఊరే. ఈ టవర్లు లేచిన నేల ఒకప్పుడు వాళ్ళ అత్తగారి జొన్నచేను, కాబట్టి ఆమెకు నాలుగు ఫ్లాట్లున్నాయి, ఎవరి మాటకూ తొందరపడి తలూపాల్సిన పని లేదు. నాలుగో మనిషి చోటు ఖాళీ. అందులోకి ఇవాళే రాజి వచ్చింది.

కాలేజీలో రింగు ఆట తప్ప ఆమెకు ఏదీ రాదు. షటిల్ మీదికి వస్తుంటే ఆలస్యంగా, బద్ధకంగా, దోమను తోలినట్టు చెయ్యి విసిరింది. రాకెట్ కడ్డీ వెనక్కి వంగింది. ఆమె చెయ్యి ఆగిపోయాక కూడా అది మరొక్క క్షణం తన పని తాను చేసుకుంది. షటిల్ అమ్మణ్ణి గారి తల మీదుగా వెళ్ళి వెనక గీత మీద వాలింది.

"అచ్చం ఆమె లెక్కనే," అంది మణెమ్మ.

అమ్మణ్ణి గారు చూసిన చూపుకి మణెమ్మ మిగతా మాట మింగి, షటిల్ ఏరడానికి వెళ్ళింది.

నడుమ కాసేపు బల్ల మీద కూర్చున్నారు. రాజి నీళ్ళు తెచ్చుకోలేదు. గాజు అంచు మీద ఒక గులాబి రంగు స్టీలు సీసా ఉంటే చెయ్యి చాచింది.

"అది వద్దు."

ముగ్గురూ ఒకే గొంతుతో అన్నారు. రాజి చెయ్యి గాలిలో ఆగిపోయింది. సీసా మూత మీద దుమ్ము పేరుకుని ఉంది. చుట్టూ జానెడు మేర ఎవరూ ఏ వస్తువూ పెట్టలేదు.

"అదక్కడే ఉండనివ్వండి," అన్నారు అమ్మణ్ణి గారు నెమ్మదిగా. రసజ్ఞ తన సంచిలోంచి సీలు తీయని నీళ్ళ బాటిల్ అందించింది.

రాజికి అర్థమైంది, లేదా అర్థమైందనుకుంది. పోయినావిడ సీసా అన్నమాట. జ్ఞాపకంగా కదపకుండా ఉంచుకున్నారు. ఈ గాజు అడవిలో ఇంత మమకారం ఉన్న మనుషులు దొరకడం తన అదృష్టమనుకుంది.

ఇంటికి రాగానే తలస్నానం చేసింది.

సాయంత్రం ఆడిట్ ఆఫీసు నుంచి వచ్చిన పార్థసారథి భార్య తడి జుట్టు చూశాడు. "ఇవాళ పండగేమైనా ఉందా?"

"పోయినావిడ రాకెట్‌తో ఆడానండీ."

"ఎవరు పోయారు?"

"తెలీదు."

"ఎలా పోయారు?"

"అడగలేదు. ఈమధ్య ఆడుతూ ఆడుతూనే పడిపోతున్నారుగా. అలాగే అయ్యుంటుంది."

పార్థసారథి కాఫీ చల్లార్చుకుంటూ ఆలోచించాడు. "రాకెట్‌కి మైల ఉంటుందని ఏ శాస్త్రంలోనూ చూడలేదు. అంత భయమైతే మానెయ్యి."

అప్పుడే ఫోన్ మోగింది. ఈ టవర్‌లోకి వచ్చాక ఆ ఫోన్‌కి బ్యాంకు, గ్యాసు కంపెనీ తప్ప ఇంకెవరూ ఏమీ చెప్పుకోలేదు. ఇప్పుడు తెర మీద నలుగురి గ్రూపు. 'రేపు కూడా ఇదే టైమండి. రాజి గారూ, బాగా ఆడారు' అని అమ్మణ్ణి గారు. కింద రసజ్ఞ పంపిన చప్పట్లు.

రాజి ఆ చప్పట్లను రెండుసార్లు చూసుకుంది.

"మానను," అంది.

మర్నాడు ఆట మధ్యలో గాజు అవతల ఎవరో నిలబడ్డారు.

మసక గాజులోంచి మొహం తెలియదు. నిలువెత్తు బూడిదరంగు ఆకారం, అంతే. దాని కుడిచెయ్యి పైకి లేచి, మణికట్టు దగ్గర తిరిగి, కిందికి వాలింది. మళ్ళీ లేచింది, తిరిగింది, వాలింది. షటిల్ లేకుండా, రాకెట్ లేకుండా, ఎవరో చాలా తీరిగ్గా ఆడుతున్నారు. రాజి షటిల్ కొట్టిన ప్రతిసారీ ఆ చెయ్యి కూడా కొట్టింది.

"బయట ఎవరో ఉన్నారండి," అంది రాజి.

ముగ్గురూ ఆట ఆపి అటు తిరిగారు. అమ్మణ్ణి గారు చూశారు. రసజ్ఞ చూసింది. మణెమ్మ అందరికంటే ఎక్కువసేపు చూసింది.

"ఎవరూ లేరే," అన్నారు అమ్మణ్ణి గారు.

"నో వన్, ఆంటీ," అంది రసజ్ఞ.

"చెట్టు నీడ అక్కా," అంది మణెమ్మ.

ఆవైపు చెట్టు లేదు. నడక బాట వేసినప్పుడే కొట్టేశారు. రాజి మళ్ళీ తిరిగి చూసేసరికి ఆకారం చెయ్యి దించుకుని, లోపలికి చూస్తున్నట్టు కదలకుండా ఉంది. చూస్తోందో లేదో తెలియదు, కానీ మొహం ఉండాల్సిన చోటు మాత్రం సరిగ్గా కోర్టు ఎడమవైపుకి తిరిగి ఉంది. రాజి నిలబడ్డ వైపుకి.

ఆ తర్వాత ఆమె కొట్టిన షటిల్ ఒక్కటీ గీత లోపల పడలేదు. గ్రిప్పు మీది గుంటలోంచి వేలు తీసి పక్కన పెట్టి చూసింది. రాకెట్ చేతిలో మెలితిరిగింది. వేలు మళ్ళీ గుంటలోకే పోయింది.

"నా రాకెట్ నేను కొనుక్కుంటానండి," అంది చివరికి.

"స్టిఫ్ తీసుకోండి ఆంటీ," అంది రసజ్ఞ. "కడ్డీ గట్టిగా ఉండాలి. సీరియస్‌గా ఆడేవాళ్ళందరూ అదే."

"మూసాపేటలో మొగిలి కొట్టుకి వెళ్ళండి. మేమందరం అక్కడే కొన్నాం," అన్నారు అమ్మణ్ణి గారు. పాత రాకెట్‌ను రాజి అలమరలో పెట్టబోతే, "అదీ మీతోనే తీసుకెళ్ళండి, నమూనాకి పనికొస్తుంది," అని తలుపు మోచేత్తో మూసేశారు.

మొగిలి కొట్టు మెట్రో స్తంభానికి ఎదురుగా, ఒక ఫ్యాన్ పట్టేంత జాగాలో ఉంది. పైకప్పు నుంచి రాకెట్లు గబ్బిలాల్లా వేలాడుతున్నాయి. రాజి పాత రాకెట్‌ను గుడ్డసంచిలోనే ఉంచి, ముందు కొత్తవి చూపించమంది.

"హైటెక్ సిటీ సైడా మేడమ్?" అంటూ మొగిలి అన్నిటికంటే ఖరీదైనది దించాడు. "ఫుల్ స్టిఫ్. మీ దిక్కు సాఫ్ట్‌వేరోళ్ళు ఇదే తీస్కపోతరు. మల్ల భుజం నొప్పని దవాఖానకు పోతరు, అది వేరే ముచ్చట."

రాజి ఊపి చూసింది. ఇనుప గరిటె ఊపినట్టుంది.

"దీనికేమైంది, కదలదేం?"

"గదే దాని గొప్ప." మొగిలి రాకెట్ తలని ఒక చేత్తో, పిడిని ఇంకో చేత్తో పట్టుకుని వంచబోయాడు. కడ్డీ జవాబు చెప్పలేదు. "గట్టి కడ్డీ అంటే, చేతిల జోరుండాలె, మీరే దానికి నౌకరీ చెయ్యాలె. మెత్త కడ్డీ అయితే అది మీకు నౌకరీ చేస్తది. మెల్లగ కొట్టినా వంగి, వెనుకకు ఎగిరి, అదే నూకుతది. కాకపోతే అనుకున్న చోటే పడ్తదని గ్యారంటీ లేదు."

"మా ఇంట్లో పనులన్నీ అలాగే సాగుతున్నాయి. మెత్తదే చూపించండి."

మెత్తవి మూడు నాలుగు దించాడు. రాజి ఒక్కొక్కటే పట్టుకుంది. ఒకదానికి తల బరువు. ఒకటి వంగుతుంది కానీ తిరిగి రావడానికి బద్ధకం. ఇంకొకటి బాగానే ఉంది, గోడకి కట్టిన వల మీదికి కొడితే కడ్డీ కొరడాలా కదిలింది. అయినా ఆమె బొటనవేలు గ్రిప్పు మీద అటూ ఇటూ తచ్చాడుతోంది. వేలు దేన్ని వెతుకుతోందో తెలిసి రాజి దాన్ని ఠక్కున కింద పెట్టేసింది.

"ఇలాంటిదే కావాలి," అని సంచిలోంచి నీలం గ్రిప్పు రాకెట్ తీసింది.

మొగిలి దాన్ని అందుకుని, వంచి చూసి, నవ్వాడు. "ఇది నా దుకాణందే మేడమ్. గ్రిప్ నేనే చుట్టిన. మీరు ఆ మేడమ్‌కు చుట్టాలా?"

"ఏ మేడమ్?"

"గీ రాకెట్ మేడమే. మొన్న శనివారం వచ్చిపోయింది కద."

కొట్టులో ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. రాజి మెడ మీది చెమట మాత్రం చల్లబడింది.

"శనివారమా? సరిగ్గా చూశారా?"

"గట్లంటరేంది? మీరు నిలబడ్డ కాడనే నిలబడ్డది. దీని అసుంటిదే ఇంకోటి కావాలన్నది. ఉన్నదానికేమైంది మేడమ్ అంటే, అది ఉన్న కాడికి నేను పోరాదు అన్నది." మొగిలి తీగెలు మీటి చూసుకుంటూ మామూలుగా చెప్పుకుపోతున్నాడు. "అన్నీ పట్టుకొని చూసింది. చాలాసేపు అట్లనే నిలబడ్డది. కొనలే. పెట్టేసి పోయింది."

రాజి చేతికి అందిన మెత్త కడ్డీ రాకెట్ కొని, చిల్లర కూడా లెక్క చూసుకోకుండా బయటపడింది. మెట్రోలో సీటు దొరికినా కూర్చోలేదు. సంచిలో రెండు రాకెట్లు ఒకదానికొకటి తగిలి, బోగీ ఊగినప్పుడల్లా సన్నగా పలుకుతున్నాయి.

లిఫ్ట్ తలుపులు మూసుకుంటుండగా ఒక చెయ్యి అడ్డం వచ్చింది. బొటనవేలి పక్కన చిన్న కాయ ఉన్న కుడిచెయ్యి.

లోపలికి వచ్చినామె ముప్ఫై దాటని పిల్ల. మెడలో ఆఫీసు కార్డు, భుజాన కూరగాయల సంచి, సంచిలోంచి తోటకూర తొంగిచూస్తోంది. పద్నాలుగు నొక్కింది. రాజి సంచిలోంచి బయటికొచ్చిన నీలం గ్రిప్పు మీద ఆమె చూపు పడింది. పడి, అక్కడే ఉండిపోయింది.

"గ్రిప్ మార్చలే కద అక్కా?" అంది.

రాజి వీపు లిఫ్ట్ అద్దానికి ఆనింది. దయ్యాలు తోటకూర కొనుక్కుని, కార్డు మెడలో వేసుకుని, పద్నాలుగో అంతస్తు నొక్కుతాయని ఆమె ఎక్కడా చదవలేదు. అద్దంలోకి చూసింది. అద్దంలో ఇద్దరూ ఉన్నారు.

"నువ్వు... మీరు పోలేదా?"

"ఎక్కడికి?" అంది ఆ పిల్ల. కాసేపు చూసి, అర్థమై, నవ్వినట్టు మొహం పెట్టింది. "అట్ల చెప్పిన్రా వాళ్ళు?"

"ఎవరూ ఏమీ చెప్పలేదమ్మా."

"అదే కదా మరి," అంది. "నా పేరు నీహారిక. రండి, చాయ్ తాగి పోదురు."

పద్నాలుగో అంతస్తులో వంటమనిషి పోచమ్మ చపాతీలు ఒత్తుతోంది. రాజిని, ఆమె చేతిలోని రాకెట్‌ను చూసి అప్పడాల కర్ర ఆపింది. "గిదే కద. గిదే," అంది.

"ఒకనాడు మణెమ్మక్క రాలేదు," అంది నీహారిక టీ పోస్తూ. "ముగ్గురమే ఉన్నం. పోచమ్మ తాళంచెవి ఇయ్యనీకి వచ్చింది. ఊకె నిలబడ్డది కదా, జర పట్టు అని నా రాకెట్ ఇచ్చిన."

"కొట్టిన," అంది పోచమ్మ. "ఒక్కటి ఫ్యాన్‌కు తాకింది, ఒక్కటి అమ్మణ్ణమ్మ నెత్తికి తాకింది. కడ్డీ మెత్తగుంటదమ్మా, నేను ఒకటనుకుంటే అది ఇంకోటి అనుకుంటది. నాకు నవ్వాగలే. నవ్వి నవ్వి దాహమైంది. అందరి సీసలు ఒక్క తీరే ఉంటయి గద, చేతికందింది తాగిన."

"గులాబి రంగుదా?"

"అమ్మణ్ణమ్మదంట. కరిచి తాగినవా, ఎత్తి పోసుకున్నవా అని అడిగింది. ఎంత మెల్లగ అడిగిందనుకున్నవ్. కరిచే తాగిన అన్న. అబద్ధం ఎందుకు చెప్పాలె?" పోచమ్మ మళ్ళీ కర్ర అందుకుంది. చపాతీ పల్చబడ్డ చోటే ఇంకా పల్చబడింది.

"తెల్లారి క్లబ్‌హౌస్ తలుపు కాడ నా కార్డ్ పెడితే ఎర్ర లైట్," అంది నీహారిక. "కిరాయికున్నోళ్ళకు కొత్త రూల్ అన్నరు. రాకెట్ లోపట్నే ఉండిపోయింది. తీసియ్యమని అమ్మణ్ణి ఆంటీని అడిగితే నా వెనకున్న గోడను చూసింది. ఇప్పటిదాకా గోడనే చూస్తరు. లిఫ్ట్‌ల నేనుంటే, ఖాళీ లిఫ్ట్ ఎక్కినట్టే ఎక్కుతరు. మొదట్ల నేనే అద్దంల చూస్కునేదాన్ని, ఉన్ననా లేనా అని."

"మరి గాజు దగ్గర..."

"ఆడకపోతే చెయ్యి మర్చిపోతది అక్కా."

రాజి టీ గ్లాసు కింద పెట్టింది. ముగ్గురూ గాజు వైపు తిరిగి చూసిన చూపు గుర్తొచ్చింది. కనిపించక కాదు. కనిపించాకే అన్నారు, ఎవరూ లేరే అని. దేనికీ తగలకుండా కింది అరలో పడుకున్న రాకెట్, గడ్డంతో చూపించిన అలమర, మోచేత్తో మూసిన తలుపు కూడా గుర్తొచ్చాయి. దాన్ని ముట్టుకోవడానికి వాళ్ళకొక కొత్త మనిషి కావాల్సి వచ్చింది.

"నేను మిమ్మల్ని ఏకంగా చంపేశానమ్మా," అంది. "తలస్నానం కూడా చేశాను."

పోచమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వు గొంతు కోర్టులో ఎలా మోగి ఉంటుందో రాజికి తెలిసింది.

రాకెట్ తీసి ఇచ్చింది. నీహారిక బొటనవేలు గుంటలో కూర్చుంది. గుమ్మం దాకా సాగనంపి అంది, "వాళ్ళతోటి నా పేరు ఎత్తకండి అక్కా. మీ చోటు పోతది."

ఆ రాత్రి గ్రూపులో అమ్మణ్ణి గారు రాశారు. 'రాజి గారూ, శుక్రవారం మా ఇంట్లో భోజనం. మన నలుగురమే.' రాజి దాన్ని చూస్తూ, జవాబు రాయకుండానే నిద్రపోయింది.

పొద్దున కొత్త రాకెట్‌ను అమ్మణ్ణి గారు స్వయంగా చేతిలోకి తీసుకుని వంచి చూశారు. "మెత్తదేనా? మంచి పని చేశారు. మీ చెయ్యి కూడా మెత్తనే. మరి ఆ పాతది?"

"ఇచ్చేశానండి."

"ఎవరికి?"

"నీహారికకి."

రసజ్ఞ చెవిలోని మీటింగులోంచి ఎవరిదో గొంతు సన్నగా వినిపించింది. అమ్మణ్ణి గారు కొత్త రాకెట్‌ను బల్ల మీద పెట్టి, చేతులు చున్నీకి తుడుచుకున్నారు. అప్పుడే గాజు అవతల బూడిదరంగు ఆకారం వచ్చి నిలబడింది. ఇవాళ దాని చేతిలో రాకెట్ కూడా ఉంది.

"అదిగోండి, వచ్చింది," అంది రాజి.

అమ్మణ్ణి గారు తిరిగి చూశారు. తీరిగ్గా చూశారు. తర్వాత రాజి భుజం మీద చెయ్యి వేసి, చిన్నపిల్లకి చెప్పినట్టు అన్నారు. "అక్కడ ఎవరూ లేరు రాజి గారూ."

ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఈ ఊళ్ళో రాజి భుజం మీద పడ్డ మొదటి చెయ్యి అది. అవునండీ, చెట్టు నీడేమో అంటే చాలు. శుక్రవారం భోజనం ఉంటుంది. పొద్దున్నే ఫోన్ మోగుతుంది. ఆ రెండు మాటలూ నాలుక మీదికి వచ్చి కూర్చున్నాయి కూడా.

నోరు ఎండిపోయింది.

వెళ్ళి గాజు అంచు మీది గులాబి సీసా తీసింది. మూత బిగుసుకుపోయి ఉంటే కొంగుతో పట్టి తిప్పింది. పాత నీళ్ళు మూలనున్న తొట్టిలో పారబోసి, రెండుసార్లు తొలిచి, ఫిల్టర్ కింద నింపింది. తర్వాత ముగ్గురి వైపూ తిరిగి, కరుచుకునే తాగింది. మామూలు నీళ్ళే. కొంచెం స్టీలు వాసన.

"దాహమేసిందండి," అని సీసా బల్ల మీద పెట్టి, కోర్టు ఎడమవైపు వెళ్ళి నిలబడింది. "ఆడదామా?"

అమ్మణ్ణి గారు ఆమె వైపే చూశారు. చూపు ఆమె మొహం దాకా వచ్చి, అక్కడ ఆగకుండా, వెనక గోడ మీది గడియారం దాకా వెళ్ళింది.

"ఇవాళ ముగ్గురమే కదా," అన్నారు రసజ్ఞతో. "సింగిల్స్ ఆడదామండి. మణెమ్మ గారు కాసేపు కూర్చుంటారు."

"ఓకే ఆంటీ," అంది రసజ్ఞ.

ఆట మొదలైంది. షటిల్ రాజి చెవి పక్కనుంచి వెళ్ళింది. ఒకటి ఆమె పాదం దగ్గరే పడింది. రసజ్ఞ వచ్చి, వల కట్టిన గుంజ చుట్టూ తిరిగినట్టు ఆమె చుట్టూ తిరిగి, షటిల్ ఏరుకుని వెళ్ళింది. రాజి తన చెయ్యి ఎత్తి చూసుకుంది. వేళ్ళన్నీ ఉన్నాయి. బల్ల మీద మణెమ్మ ఒడిలోకి చూసుకుంటూ కూర్చుంది.

రాజి బల్ల మీది రాకెట్, డబ్బాలోంచి ఒక షటిల్ తీసుకుంది. ఎవరూ వద్దనలేదు. లేని మనిషిని ఎవరు వద్దంటారు?

బయట ఎండ అప్పటికే బండరాళ్ళ మీదికి ఎక్కింది. నీహారిక పక్కన పోచమ్మ చెప్పులు విడిచి బాట అంచున కూర్చుని ఉంది. రాజి చేతిలోని రాకెట్ చూసి, ఆమె మొహం చూసి, నీహారిక బాట మీద నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడింది. వల లేకుండానే ఆడారు. గాలి షటిల్‌ను ఎటుపడితే అటు తీసుకుపోతోంది. మెత్త కడ్డీ తన ఇష్టం వచ్చినట్టు నూకుతోంది. రాజి కొట్టిన దెబ్బ ఒకటి పక్కకి తిరిగి, మసక గాజుకి ఠక్కున తగిలింది.

లోపల మూడు బూడిదరంగు ఆకారాలు ఒక్కసారి ఇటు తిరిగాయి. రెండు వెంటనే ఆటలో పడ్డాయి. బల్ల మీది ఆకారం మాత్రం ఇంకాసేపు ఇటే చూస్తూ ఉండిపోయింది.

రాజి షటిల్ ఏరుకుని వేలు గ్రిప్పు మీద సర్దుకుంది. కొత్త గ్రిప్పు, గుంట ఇంకా పడలేదు. ఈసారి గురి చూసి, గాజు మీదికే కొట్టింది.